రెండు చీరల అత్తమ్మ

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మావాళ్లు ఆడిన ఆటను వీడియో చేసి, అమెరికాలో ఉన్న అక్కకు పంపాలనుకున్నాం. ఎడిటింగ్‌కు చౌరస్తాలో ఒకతను ఆరు వేలు అడిగాడు. ముక్కలు కోసి అతికించడానికి ఆరు వేలా? నేనే కూర్చున్నాను.

సరుకు నాలుగు రకాలు. బామ్మర్ది కొత్త కెమెరాలో తీసిన 4కె, నా ఫోన్‌లో తీసిన ఫుల్ హెచ్‌డీ, చిన్నాయన అటక మీంచి దింపిన టేపు హ్యాండీక్యామ్, పెద్దమ్మ ఫోన్ నిలువుగా పట్టుకుని తీసి వాట్సాప్‌లో పంపిన ముక్క. 4కెలో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. వాట్సాప్ పిండేశాక పెద్దమ్మ ముక్కలో మిగిలినవి 4 లక్షలు.

పెద్దవాళ్లతో మొదలుపెడితే శుభమని ముందు పెద్దమ్మ ముక్కనే టైమ్‌లైన్ మీద, అంటే ముక్కలు వరసగా పేర్చే పట్టీ మీద, వేశాను. సాఫ్ట్‌వేర్ ఏదో అడిగింది. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టినట్టు, చదవకుండా ఎస్ నొక్కాను. వీడియో మొత్తం ఈ ముక్క కొలతలోనే ఉండాలా అని అది అడిగిందట! రాత్రి రెండింటికి, నలభై ముక్కలు పేర్చాక తెలిసింది. గుండ్రంగా తిరిగే ఆటలో మధ్యన ముగ్గురే కనబడుతున్నారు. మిగతావాళ్లు ఇటునుంచి వచ్చి అటు మాయం.

"తలుపు సందులకెల్లి చూసినట్టుంది" అంది మా ఆవిడ.

అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు పెట్టి మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి పెద్దమ్మ ముక్కకు రెండు పక్కలా నల్ల గోడలు లేచాయి. చిన్నాయన టేపులో చేతులు ఊపినప్పుడల్లా అంచులకు దువ్వెన పళ్లు మొలిచాయి. అవి పాత టేపుల్లో మామూలేనట, డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే సగం సగం గీతలుగా ఉన్న బొమ్మను పూర్తి బొమ్మ చేస్తే, పోయాయి.

చప్పట్లు మాత్రం పోలేదు. సినిమావాళ్లు షాట్ ముందు ఒక్క క్లాప్ కొట్టి, ఆ చప్పుడు పట్టుకుని బొమ్మనూ శబ్దాన్నీ కలుపుతారు. మాకు క్లాపులకేం కరువు? ఇంతమంది ఆడవాళ్లు అడుగుకొకటి కొడుతున్నారు! ఏ చప్పట్టుకు ఏది జతో తెలియక ఒకటి ముందుకు అతికించాను. 4కెలో వదిన నోరు మూశాక ఫోన్‌లోంచి "ఉయ్యాలో" వస్తోంది. ఎలాగో సరిచేస్తే, పదో నిమిషానికి మళ్లీ జారింది. ఫోన్ ఫ్రేములను ఒకే లెక్కన తీయదట, చీకటి పడితే ఇంకా తగ్గిస్తుందట. మనిషికి నిద్రొచ్చినట్టే అనుకోండి.

అప్పటికి తెల్లారింది. రంగుల జోలికి పోకుండా పంపేశాను.

ఆదివారం అందరం టీవీలో పెట్టుకుని చూశాం. తంగేడు పూలు ఒక కెమెరాలో పసుపు, ఇంకోదాంట్లో పచ్చి మామిడికాయ రంగు. ఒక్కో కెమెరా ఆ వీధిలైట్లను ఒక్కోలా అర్థం చేసుకుంది మరి. అత్తమ్మ మెరూన్ పట్టుచీరలో ఎడమ అడుగు వేసి, నారింజ చీరలో కుడి అడుగు వేసింది.

"అత్తమ్మా, నడుమ చీర ఎప్పుడు మార్చినవే?" అంది వదిన. నేను గ్లాసుడు నీళ్లు తాగాను.

అత్తమ్మ మాత్రం ఆ నారింజ దగ్గర ఆపించి, టీవీ దగ్గరికెళ్లి ఫొటో తీసుకుంది. "అల్లుడూ, గీ రంగు నాకు మంచిగున్నది. రేపు దుకాణానికి పోదాం."

మర్నాడు బిల్లు ఎనిమిది వేల రెండు వందలైంది.