క్షణికావేశమా?

తెలుగు పత్రికల్లో, మా పత్రికతో సహా, కొన్ని మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. భర్త భార్యను చంపితే 'క్షణికావేశం'. అంతకుముందు నెలల తరబడి ఆమె ఫోన్ లాక్కుని చూస్తూ ఉంటే 'అనుమానం పెనుభూతమైంది'. కాదన్న అమ్మాయి మీద దాడి చేస్తే 'ప్రేమోన్మాది'. నేరం చేసింది మనిషి కాదు, అతడిని పట్టిన ఆవేశమో భూతమో అన్నట్టుంటుంది వార్త.

ఆ ఆవేశం సంగతి కాస్త చూద్దాం. మాదాపూర్ ఆఫీసులో మేనేజర్ నలుగురి ముందు తిట్టినా అది రాదు. పంజాగుట్టలో ట్రాఫిక్ పోలీసు బండి ఆపి చలానా రాసినా రాదు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి అరిస్తే తల వంచుకుంటుంది. రాత్రి కూరలో ఉప్పు తక్కువైతే, ఆమె పుట్టింటికి ఫోన్ చేస్తే మాత్రం వచ్చేస్తుంది. అదీ తలుపు వేశాకే. ఎక్కడ మింగాలో, ఎవరి మీద కక్కాలో ఇంత బాగా తెలిసిన కోపం అదుపు తప్పిందంటే ఎలా నమ్మేది?

నాలుగేళ్ల పిల్లాడితో 'ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా' అంటాం. అమ్మలూ అంటారు, అమ్మమ్మలూ అంటారు. భయం, బెంగ, చిన్నబోవడం... వీటిని చెప్పుకోవడానికి వాడికి మాటలే లేకుండా పోతాయి. కోపానికి మాత్రం ఇంట్లో పెద్దపీట: 'ఆయనకు కోపమెక్కువ గానీ మనసు వెన్న.' రేపు భార్య జీతం తనకంటే పెరిగినప్పుడు లోపల మొదలైంది భయమని వాడికి తెలియనే తెలియదు. జాలి పడాల్సిన సంగతే. కానీ ఏడవడం రానివాళ్లందరూ కొట్టడం లేదు కదా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. అంతకంటే కలవరపెట్టే అంకె ఇంకొకటి ఉంది. అత్తమామలను గౌరవించలేదనో, చెప్పకుండా బయటికెళ్లిందనో, ఎదురు మాట్లాడిందనో ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని అదే సర్వేలో మన ఆడవాళ్లలో దాదాపు 84 శాతం మంది అన్నారు.

చట్టం ఈ ఇళ్లకంటే చాలా ముందుంది. తిట్టి అవమానించడం, ఖర్చులకు డబ్బివ్వకపోవడం కూడా హింసేనని 2005 గృహహింస చట్టం చెప్పింది. పెళ్లి కాకపోయినా దంపతుల్లా కలిసి ఉంటున్న స్త్రీకీ రక్షణ ఇచ్చింది. హైదరాబాద్‌లో 2014లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్, 2016లో హింసకు గురైన మహిళలకు, పిల్లలకు అండగా నిలిచే భరోసా కేంద్రం వచ్చాయి. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. అయినా కౌన్సెలింగ్ పేరుతో ఎదురుగా కూర్చోబెట్టి 'కోపంలో చేశాడమ్మా, సర్దుకుపో' అనే పెద్దమనుషులకు కొదవ లేదు. అతడితో 'ఇకమీదట చేయను' అని కాగితం రాయించుకుని పంపేస్తారు. మేనేజర్ మీద రాని కోపం ఈమె మీదే ఎందుకొచ్చిందని అతడిని అడిగేవాళ్లు తక్కువ.

మా సంగతీ చెప్పాలి. ఇకపై మా సిటీ పేజీ శీర్షికల్లో 'క్షణికావేశం' ఉండదు. ఎన్నాళ్లుగా కొడుతున్నాడు, ఆమె అంతకుముందు ఎవరితో చెప్పుకుంది, వాళ్లేమన్నారు అని మా విలేకరులు అడిగి రాస్తారు.