జనన మరణాల మధ్య తోటకూర

మన నగరపాలన ముందుచూపు తెలియాలంటే రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూల్ చదవాలి. 1992 నాటి 74వ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించిన 18 పనులు అందులో ఉన్నాయి. జనన మరణాల లెక్కలు, శ్మశానాలు, బందెలదొడ్లు, చివరికి తోళ్ల శుద్ధి కూడా. పుట్టినవాడు శ్మశానం చేరేలోగా ఏం తింటాడన్నది మాత్రం లేదు. వ్యవసాయాన్నీ సంతల్నీ పదకొండో షెడ్యూల్లో పెట్టి పంచాయతీలకిచ్చేశారు. పట్నంలో ఆకలెయ్యడం, బహుశా, రాజ్యాంగ విరుద్ధం.

కాబట్టి తెల్లారకముందే మూసీ ఒడ్డు నుంచి పాలకూర, కొత్తిమీర మూటలతో ఆటో దిగే ఆడవాళ్లను ఏ ఖాతాలో రాయాలో మున్సిపాలిటీకి తోచకపోతే తప్పు పట్టలేం.

అలాగని నగరం వాళ్లకేమీ చేయలేదంటే కళ్లు పోతాయి. హైదరాబాద్ దిగువన మూసీ వెంట పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు పొలాలకు ఏడాది పొడుగునా నీళ్లిస్తున్నదెవరు? మనమే. వానలు మొహం చాటేసినా సరే, ఇంటిల్లిపాదీ పొద్దున్నే లేచి శ్రద్ధగా ఫ్లష్ నొక్కుతున్నాం. ఏ రైతూ దరఖాస్తు పెట్టకుండా అమలవుతున్న సాగునీటి పథకం ఇదొక్కటే. తర్వాత ఆ కూర చూసి ముక్కు మూసుకునేదీ మనమేననుకోండి, అది వేరే శాఖ.

రైతుబజార్లు లేవా అంటారు. ఉన్నాయి, 1999 జనవరి 26 నుంచీ ఉన్నాయి. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలి. అందుకు రైతుననే కార్డు కావాలి, కార్డుకు పొలం వివరం కావాలి, పొలమేమో మామగారి పేరున ఉంటుంది. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్ల కమతాలు 14 శాతం లోపే. విత్తు చల్లి, కలుపు తీసి, కోసి, కట్టలు కట్టి, గంప నెత్తినెత్తుకునేది ఆవిడ. రైతు ఇంకా నిద్ర లేవలేదు.

మొన్న మా వీధి మలుపులో ఒక పెద్దమ్మ గంపను మున్సిపాలిటీ వాళ్లు ఎత్తి బండిలో వేసుకున్నారు. ఫుట్‌పాత్ సుందరీకరణ అట. నేను ఆమెకు ధైర్యం చెప్పాను. 2014 చట్టం ప్రకారం వీధి వ్యాపారుల కోసం కమిటీ ఉండాలనీ, అందులో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదనీ, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లే ఉండాలనీ వివరించాను. అంతా విని, "ఆ కమిటీ యాడ కూసుంటది బిడ్డా?" అంది.

కనుక్కుందామని సాయంత్రం కార్పొరేటర్ ఇంటికి వెళ్లాను. మహిళా రిజర్వేషన్ స్థానం కాబట్టి ఆవిడ భర్తే మాట్లాడారు. నగర ప్రజల ఆహార భద్రత గురించి చాలాసేపు చెప్పారు. మేడం లోపల తోటకూర తరుగుతున్నారు. గంపెడు కూర, ఒక్కరోజులో వాడిపోతుంది కదా. కట్ట ఎంతకు పడిందని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.