అపవాది గారూ, మీ సర్టిఫికెట్లు ఒకదానికొకటి కలవడం లేదు

అయ్యా అపవాది గారూ, అదేనండీ, సాతాను గారూ,

ముందు నమస్కారం పెడదామనుకుని, ఎవరైనా చూస్తే బాగోదని మానేశాను, ఏమనుకోకండి. నా ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోటి ఉన్నందుకు నన్ను నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిప్పారు. మీరేమో ఏ పుస్తకం తెరిస్తే ఆ పుట్టుకతో, వేల ఏళ్లుగా హాయిగా సర్వీసులో ఉన్నారు. ఎలా మేనేజ్ చేస్తున్నారండీ?

బైబిల్లోని యోబు గ్రంథంలో చూస్తే మీది పక్కా ఉద్యోగం. దేవదూతలతో కలిసి యెహోవా సన్నిధికి వస్తారు, ఎక్కడినుంచి రాక అంటే భూమ్మీద అటూ ఇటూ తిరిగొస్తున్నానంటారు, యోబు భక్తి మీద డౌటు పెట్టి, పర్మిషన్ తీసుకుని మరీ ఆయన్ని పరీక్షిస్తారు. తిరుగుబాటు లేదు, స్వర్గం నుంచి పడిపోవడం లేదు, కొమ్ములూ తోకా అసలే లేవు. హీబ్రూలో అక్కడున్నది మీ పేరు కూడా కాదు, హోదా: అభియోగం మోపేవాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అన్నమాట. మన తెలుగు బైబిల్ వాళ్లు ‘అపవాది’ అని భలే మాట వేశారు, అపవాదులు వేసేవాడని. ఇప్పుడు వేస్తున్నది మీరా, మేమా అన్నది వేరే సంగతి. యూదుల తల్మూద్ గ్రంథంలో రేష్ లాకిష్ అనే పండితుడు సాతాను, మనిషిలోని చెడు బుద్ధి, మృత్యుదూత ముగ్గురూ ఒక్కరే అని తేల్చేశాడు. మూడు సీట్లు, ఒకటే జీతం.

ఇక మీకు తగిలించిన ఆ లూసిఫర్ పేరు. బైబిల్లో యెషయా గ్రంథం 14లో వేకువచుక్కా, ఎలా పడిపోయావయ్యా అని ఎగతాళి చేసింది బబులోను రాజుని, ఆ అధ్యాయంలోనే రాసుంది. అది మీ గురించేనని ఓరిజెన్ లాంటి తొలినాటి క్రైస్తవ పండితులు అనుకున్నారు, ఆ తర్వాత జెరోమ్ అనే ఆయన బైబిల్ లాటిన్ అనువాదంలో వేకువచుక్కకి వాడే మామూలు మాట లూసిఫర్ వేస్తే అదే మీ మెడకు బోర్డయింది. ప్రకటన గ్రంథం చివర్లో వేకువచుక్కను నేనేనని యేసు అంటాడు కాబట్టి ఆ పేరు మీద మీరు క్లెయిమ్ పెట్టుకోకండి, నిలబడదు. పడిన తేదీ అడిగితే ఆదాముకు ముందే అని చాలామంది, యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లు మాత్రం 1914 అని సంవత్సరంతో సహా చెబుతారు. ఫారంలో ఆ ఒక్క కాలమ్ నిండింది, అదే సంతోషం.

ఖుర్ఆన్‌లో కారణం సూటిగా ఉంది. ఆదమ్‌కి సజ్దా, అంటే సాష్టాంగం, చేయమంటే, నేను నిప్పుతో పుట్టాను, అతను మట్టితో పుట్టాడు, నేను గొప్ప అన్నారు. (ఈ డైలాగ్ మా వైపు పెళ్లి సంబంధాల దగ్గర ఎప్పుడూ వినేదే, నిప్పు బదులు ఇంకో మాట పెడతారంతే.) కహ్ఫ్ అనే సూరాలో (అధ్యాయంలో) మీరు జిన్నుల్లోని వారని ఉంది. మరి ఆజ్ఞ ఇచ్చింది దైవదూతలకి కదా అని పండితులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన సూఫీ హల్లాజ్ అయితే ఇంకో కోణం చూశాడు, దేవుడికి తప్ప ఎవరికీ తల వంచనన్న మొండి భక్తుడు మీరని.

జొరాస్ట్రియన్ల (మన పార్సీల మతం) దుష్టశక్తి అహ్రిమన్ మీరేనంటే మరీ చిక్కు. ఆయన పై నుంచి పడలేదు, మొదట్నుంచీ చెడ్డవాడే. పడటం అంటూ ఉంటే ఒక్కసారే, వాళ్ల బుందహిష్న్ గ్రంథం ప్రకారం వాళ్ల దేవుడు అహురమజ్దా ఒక ప్రార్థన చదివితే 3000 ఏళ్లు స్పృహ తప్పి పడున్నాడు.

యజీదీల దగ్గరికి వస్తే మాత్రం నాకు నవ్వు రావడం లేదు. ఇరాక్‌లో ఎక్కువగా ఉండే ఈ చిన్న మతంవాళ్లు తావూసీ మలెక్ అనే నెమలి దేవదూతను కొలుస్తారు. వాళ్ల లెక్కలో ఆయన పడిపోలేదు, చెడ్డవాడూ కాదు. ఆ కథలో మీ పోలికలు కనబడ్డాయని చుట్టుపక్కల వాళ్లు వీళ్లకి సైతానును పూజించేవాళ్లని పేరు పెట్టారు. 2014 ఆగస్టులో ఐసిస్ ఉగ్రవాదులు ఆ మాటే చెప్పి ఇరాక్‌లోని సింజార్‌లో వేలమందిని చంపారు, ఆడపిల్లల్ని బానిసలుగా అమ్మారు. మీరెవరో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు గానీ, మీ వాళ్లెవరో మాత్రం అందరికీ ఇట్టే తెలిసిపోతుంది.

అసలు మీ పుట్టుక గురించి నా అనుమానం వేరే. బైబిల్లో దావీదు రాజు చేసిన జనాభా లెక్క గుర్తుందా? రెండో సమూయేలు 24లో ఆ పని చేయమని దావీదును పురికొల్పింది యెహోవా కోపం, ఆ లెక్కే పాపమై శిక్షగా తెగులు వచ్చింది. చాలాకాలం తర్వాత రాసిన మొదటి దినవృత్తాంతములు 21లో అదే లెక్క, అదే తెగులు, అదే 70 వేల చావులు, కానీ పురికొల్పినవారు మీరు. మధ్యలో ఎవరో రాతగాడికి ఫైల్లో దేవుడి పేరు ఉండటం ఇబ్బందనిపించింది, మీ పేరు ఎక్కించాడు. మీరు పుట్టింది నిప్పులోనూ కాదు వెలుగులోనూ కాదు సార్, ఆ ఇబ్బందిలో.

దాని మీదే ఒక చిన్న మనవి. మాకు 2021లో జరగాల్సిన జనగణన ఏళ్ల తరబడి వాయిదా పడింది. లెక్క తీయించిన పాపం మీ ఖాతాలోనే ఉంది కదా, లెక్క తీయించకపోవడం కూడా అందులోనే రాసేద్దామనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటే ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్, రెండు జిరాక్సులు, గెజిటెడ్ సంతకంతో రావాలి. లంచ్ తర్వాత రండి.

ఇట్లు,
(పేరు రాయడం లేదు, మీ దగ్గర ఉండే ఉంటుంది)