కెనడా కౌంటీ మన జిల్లా కాదు

కెనడాకు చదువులకు వెళ్లే మన పిల్లల కోసమంటూ ఒక సందేశం కొన్నాళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. అక్కడి ప్రతి ప్రావిన్సులోనూ (మన రాష్ట్రం వంటిది) కౌంటీలు ఉంటాయని, కౌంటీ అంటే మన జిల్లాయేనని, దానికి కలెక్టరు వంటి అధికారి ఉంటాడని, ఇదంతా రాజ్యాంగంలో రాసి ఉన్నందువల్ల మార్చడానికి వీల్లేదని దాని సారాంశం. అంటారియో ప్రావిన్సులోని బ్రాంప్టన్ నగరాన్ని అందులో ‘పీల్ కౌంటీ’ కింద చూపించారు. కొత్త దేశంలో అడుగుపెట్టేవాళ్లకు ఇచ్చే సమాచారం ఇంత తప్పుగా ఉండకూడదు.

ముందుగా రాజ్యాంగం సంగతి. 1867 నాటి రాజ్యాంగ చట్టం, 92వ సెక్షన్‌లో, స్థానిక సంస్థలను పూర్తిగా ప్రావిన్సుల చట్టసభలకే అప్పగించింది. కాబట్టి ప్రావిన్సు తలచుకుంటే కౌంటీని మార్చవచ్చు, ఎత్తివేయవచ్చు. న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది అదే: పేద కౌంటీల పన్నుల రాబడి బడులకూ వైద్యానికీ చాలడం లేదని గుర్తించిన అప్పటి ప్రీమియర్ (ముఖ్యమంత్రి వంటి పదవి) లూయీ రోబిషో ప్రభుత్వం ఆ బాధ్యతలను తానే తీసుకుని, 1967 నుంచి కౌంటీ కౌన్సిళ్లను రద్దు చేసింది. అక్కడి 15 కౌంటీల పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి గానీ, వాటికి పాలన లేదు.

ప్రతి ప్రావిన్సులోనూ కౌంటీలు ఉన్నాయన్న మాటా నిజం కాదు. బ్రిటిష్ కొలంబియాలో ఉన్నవి 27 ప్రాంతీయ డిస్ట్రిక్టులు. క్యుబెక్ 1979 చట్టంతో పాత కౌంటీల స్థానంలో వేరే ప్రాంతీయ సంస్థలను తెచ్చింది. ఆల్బర్టాలో కౌంటీ అంటే గ్రామీణ మున్సిపాలిటీ. రెడ్ డీర్ నగరం చుట్టూ రెడ్ డీర్ కౌంటీయే ఉన్నా, నగరం మీద దానికి అధికారం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ దారి తప్పించేది కలెక్టరుతో పోలిక. మన కలెక్టరు ప్రభుత్వం నియమించే అధికారి. భూమి రికార్డుల నుంచి మెజిస్ట్రేటు అధికారాల దాకా ఆయన చేతిలో ఉంటాయి. అంటారియోలోని వెల్లింగ్టన్ కౌంటీని చూడండి. అక్కడ ఏడు చిన్న మున్సిపాలిటీల మేయర్లు, వార్డుల నుంచి గెలిచిన సభ్యులు కలిసి కౌన్సిల్‌గా కూర్చుని, తమలో ఒకరిని వార్డెన్‌గా, అంటే కౌన్సిల్ అధిపతిగా, ఎన్నుకుంటారు. ఆ కౌన్సిల్ చూసే పనులు కౌంటీ రోడ్లు, గ్రంథాలయాలు, చెత్త సేకరణ, వృద్ధుల సంరక్షణ గృహం వంటివి. ఇంకో విశేషం, పటంలో ఆ కౌంటీ నడుమ కనిపించే గ్వెల్ఫ్ నగరం పాలనలో దానికి చెందదు. కౌంటీ కార్యాలయం ఆ నగరంలోనే, వూల్విచ్ వీధిలో ఉంటుంది. అయినా గ్వెల్ఫ్ వాసులు కౌంటీ కౌన్సిల్‌కు ఓటు వేయరు. జిల్లా కేంద్రమే జిల్లాలో భాగం కాకపోవడం మన ఊహకు అందుతుందా?

ఇక బ్రాంప్టన్. పీల్ కౌంటీ 1974లోనే పోయి, మిస్సిసాగా, బ్రాంప్టన్, కాలెడన్‌లతో పీల్ రీజినల్ మున్సిపాలిటీ ఏర్పడింది. దాన్ని కూడా రద్దు చేస్తూ 2023లో అంటారియో చట్టం చేసి, అదే ఏడాది చివర్లో వెనక్కు తగ్గింది. అక్కడ ఇల్లు చూసుకున్న విద్యార్థి చిరునామాలో రాయవలసినవి ఇంటి నంబరు, వీధి, నగరం, ప్రావిన్సు, పోస్టల్ కోడ్. కౌంటీ పేరు అక్కర్లేదు.