వయసు తగ్గించే బిళ్లలంట!

మా బావ గొలుసుకట్టు వ్యాపారంలో దిగినకాడ్నుంచి నెల్లూరులో ఏ పెళ్లికి పోవాలన్నా భయంగా ఉంది. పంక్తిలో చేపల పులుసు కలుపుకోనీడు. "ఒరే, నీ కణాల్లో ఎన్‌ఏడీ తగ్గిపోతా ఉందిరా" అంటాడు. ఏంది బావా అదంటే, ఫోన్లో వీడియో పెడతాడు.

ఎన్‌ఏడీ నిజమే. తిండిని శక్తిగా మార్చుకునేదానికి ప్రతి కణానికీ అది కావాల్సిందే. మా బావ అమ్మేది ఎన్‌ఎంఎన్ బిళ్ల, ఒంట్లోకి పోయి ఎన్‌ఏడీగా మారే సరుకు. అది మింగితే రక్తంలో ఎన్‌ఏడీ పెరుగుద్దని మనుషుల మీద పరీక్షల్లోనే తేలింది, కాదన్లే. పెరిగితే ముసలితనం ఆగుద్దా? మనుషుల్లో ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలా. ద్రాక్షతొక్కలో ఉండే రెస్వెరట్రాల్ గురించీ ఇట్టే ఊదరగొట్టారు. దాన్ని నమ్ముకున్న సర్ట్రిస్ కంపెనీని గ్లాక్సో అనే పెద్ద మందుల కంపెనీ వాళ్లు 2008లో 72 కోట్ల డాలర్లు పోసి కొని, 2013లో ఆ ఆఫీసుకి తాళం వేశారు. అంత పెద్ద కంపెనీకి చేతగానిది మా బావ సంచిలో ఉందంట!

డబ్బా తిప్పి చూశా. ముందర బంగారు అక్షరాలతో "కణాల స్థాయిలో యవ్వనం". వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో "ఔషధంగా వాడరాదు". ఇది అమ్మే మనిషేమో మీసానికి రంగేసుకుని తిరగతన్నాడు, అది వేరే సంగతి.

నాకు మండేది మా బావ వాళ్ల అత్తని చూసి. షుగర్ బిళ్లలు కొనేదానికి డబ్బుల్లేవని రోజు మార్చి రోజు మింగతా ఉంది. ఈ మూడు వేల డబ్బా మాత్రం నెలనెలా ఇంటికి వస్తానే ఉంది. అల్లుడి మాట తీసెయ్యకూడదంట.