సవరణ: మెల్‌బోర్న్ ఈ-క్లాస్ ట్రాములు 300 కాదు, 100

బందరు రోడ్డు మీద ట్రాము తిరిగితే ఎలా ఉంటుందో మొన్న రాస్తూ, మెల్‌బోర్న్‌లో ఈ-క్లాస్ అనే రకం ట్రాములు 300 అని, ప్రతి బండిలో డ్రైవరుతో పాటు కండక్టరు ఉంటాడని చెప్పాను. రెండూ తప్పే. ఆ ఊరి రవాణా సంస్థ బయటపెట్టిన బళ్ల వివరాలు చూశాక తెలిసింది.

ఈ-క్లాస్ బళ్లు 100. ఒక్కోటి సుమారు 33 మీటర్ల పొడవు, మూడు భాగాలు, 210 మంది పడతారు. ఆ మూడు భాగాలనూ నేను మూడు బళ్లుగా లెక్కేశాను. అవి రైలు పెట్టెల్లా విడదీసేవి కావు. మధ్యలో హార్మోనియం తిత్తిలా ముడతల జోడింపు ఉంటుంది, లోపల ఈ చివర నుంచి ఆ చివరకి నడిచిపోవచ్చు. మొత్తం కలిపి ఒకటే బండి, ఒకటే నంబరు.

కండక్టర్లను అక్కడ 1998 నాటికే తీసేశారు. నా మనసులో ఉన్నది ఒకప్పటి కలకత్తా ట్రాము: ముందు పెట్టె ఫ్యాన్లతో ఫస్ట్ క్లాస్, వెనకది సెకండ్ క్లాస్, దేని కండక్టరు దానికే.

ఇంకో మాట. బండికొక డ్రైవరు చాలని నేను అన్నట్టు కొందరికి అర్థమైంది. నేను చెప్పింది నడిచే వేళ బండిలో ఉండే మనిషి గురించి. పొద్దుటి డ్యూటీ, సాయంత్రం డ్యూటీ, వారాంతపు సెలవు కలిపితే ఒక్కో బండికి ఇద్దరికి పైనే కావాలి. పైగా కొన్ని బళ్లు ఎప్పుడూ మరమ్మతులో ఉంటాయి. ఆర్టీసీలో చేసి రిటైరైన మా బాబాయి ఇది వినగానే, "బళ్ల లెక్క వేరు, షెడ్యూళ్ల లెక్క వేరురా" అన్నారు. పాత పోస్టులో అంకెలు మార్చేశాను.