చిన్న కారును అమెరికా కాదనలేదు, డెట్రాయిటే వదిలేసింది

2025 డిసెంబరు 3న వైట్‌హౌస్‌లో జరిగిన తతంగం చూసినవారికి నవ్వాలో ఏడవాలో తెలియకపోయి ఉండాలి. కార్ల మైలేజీ నిబంధనలను సడలిస్తున్నామని అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. అదే సభలో, జపాన్‌లో తాను చూసిన బుల్లి కార్లు భలే ముద్దుగా ఉన్నాయని, అలాంటివి అమెరికాలోనూ తయారు కావాలని, అనుమతుల సంగతి చూడమని రవాణా మంత్రికి చెప్పానని కూడా సెలవిచ్చారు. చిన్న కారుకు ఆసరాగా నిలిచిన చట్టాన్ని ఒక చేత్తో పెకలిస్తూ, రెండో చేత్తో దానికి హారతి పట్టారన్నమాట. కొద్దిరోజుల్లోనే, ఇప్పుడు ఫియట్, క్రైస్లర్, డాడ్జ్, జీప్ బ్రాండ్లన్నిటికీ యజమాని అయిన స్టెల్లాంటిస్ కంపెనీ తన బుల్లి కారు ఫియట్ టొపోలినోను అమెరికాకు తెస్తున్నామని చెప్పింది. మొరాకోలోని కెనిట్రాలో తయారయ్యే ఈ బండి గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు. టెక్సస్ హైవే ఎక్కితే వెనక నుంచి వచ్చే ట్రక్కు డ్రైవరుకు అది కనబడుతుందో లేదో!

టొపోలినో తమాషా సరే, దాని వెనకున్న ప్రశ్న తమాషా కాదు. 2025 సెప్టెంబరులో అమెరికాలో కొత్త కారు సగటు ధర మొదటిసారి 50 వేల డాలర్లు దాటింది. మామూలు జీతగాడు కొత్త కారు షోరూం వైపు చూడడమే మానేశాడు. అందుకే ఒక పాత ఆలోచన మళ్లీ గడప తొక్కింది. యూరప్‌లో చవగ్గా, చక్కగా నడిచే చిన్న కార్లు ఉన్నాయి కదా, వాటికి డాడ్జ్ అనో, షెవ్రొలే అనో, క్రైస్లర్ అనో పేరు పెట్టి అమెరికాలో అమ్మితే పోదా?

అమ్మవచ్చు. కానీ ఇదివరకు అమ్మినట్టు అమ్మితే మాత్రం మళ్లీ బోర్లా పడడం ఖాయం. ఇంతకాలం ఓడింది యూరప్ డిజైనూ కాదు, అమెరికా కొనుగోలుదారుడూ కాదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం, మంటలు ఆరగానే దాన్ని పూడ్చేయడం డెట్రాయిట్‌కు, అంటే అమెరికా కార్ల కంపెనీలకు, అలవాటు. ఓటమికి కారణం అదే.

దీనికి సాక్ష్యం కావాలంటే ఇలినాయ్ రాష్ట్రంలో క్రైస్లర్ కంపెనీ బెల్విడీర్ కర్మాగారాన్ని చూస్తే చాలు. 1977 చివర్లో అక్కడ డాడ్జ్ ఓమ్ని, ప్లిమత్ హొరైజన్ అనే కవల కార్ల తయారీ మొదలైంది. మూల రూపకల్పన క్రైస్లర్‌కు అప్పట్లో యూరప్‌లో ఉన్న కంపెనీలది. ఫ్రాన్సులో సిమ్కా పేరుతో అమ్మిన ఈ కారే 1979లో యూరప్ మేటి కారుగా ఎంపికైంది. అమెరికాకు తెచ్చేటప్పుడు క్రైస్లర్ ఇంజనీర్లు దాన్ని అలాగే దించుకోలేదు. ముందు సస్పెన్షన్ మార్చారు. చేతిలో సరైన చిన్న ఇంజన్ లేకపోతే నామోషీ పడకుండా వోక్స్‌వ్యాగన్ నుంచి 1.7 లీటర్ల ఇంజన్లు కొని బిగించారు. మొదట్లోనే ఒక పేరున్న వినియోగదారుల పత్రిక స్టీరింగ్ పరీక్షలో ఇది ఆమోదయోగ్యం కాదని తేల్చేసింది. మామూలుగా ఏ కారైనా ఆ దెబ్బకే మూలన పడాలి. పడలేదు. దివాలా అంచుకు వెళ్లిన క్రైస్లర్‌కు ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల రుణ హామీ ఇచ్చిన రోజుల్లో కూడా ఆ కారు అమ్ముడవుతూనే ఉంది. 1990 దాకా బతికింది. యూరప్ నుంచి గీతలు తెచ్చుకుని, అమెరికాలో తయారుచేసి, పన్నెండేళ్లు వదలకుండా అమ్మారు. అంతే, అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

షెవ్రొలే షెవెట్ కథా ఇంతే. షెవ్రొలే, జర్మనీలోని ఓపెల్ రెండూ అప్పట్లో జనరల్ మోటార్స్ (జీఎం) బ్రాండ్లే, ఓపెల్ కడెట్‌కు తోబుట్టువు అది. 1976 మోడల్‌గా వచ్చి, 1979, 1980 సంవత్సరాల్లో అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన చిన్న కారుగా నిలిచింది. 1987లో ఆపేనాటికి దాదాపు 28 లక్షలు అమ్మారు. గొప్ప కారేమీ కాదు, చివరికి బాగా ముసలిదైపోయింది కూడా. అయినా పల్లె మెకానిక్కు కూడా దాని గుట్టుమట్లు తెలుసు.

ఇప్పుడు మళ్లీ బెల్విడీర్‌కు వద్దాం. 2009లో క్రైస్లర్ నిజంగానే దివాలా తీసింది. ఇటలీ ఫియట్ చేతికి పగ్గాలు వచ్చాయి. మొదట దక్కిన వాటా 20 శాతం. కొన్ని షరతులు నెరవేర్చిన కొద్దీ వాటా ఐదేసి శాతం పెరుగుతుంది. ఆ షరతుల్లో ఒకటి, గ్యాలన్‌కు 40 మైళ్లు ఇచ్చే కారును అమెరికాలో తయారుచేయడం. అలా పుట్టింది డాడ్జ్ డార్ట్. ఫియట్‌కే చెందిన ఆల్ఫా రోమియో జులియెట్టా కారు ప్లాట్‌ఫాంను, అంటే అడుగు చట్రాన్ని, సాగదీసి, వెడల్పు చేసి, పాత డాడ్జ్ పేరు తగిలించారు. 2012 జనవరిలో ఫియట్‌కు ఆ ఐదు శాతం దక్కింది. కారు ఇంకా షోరూంకు చేరనే లేదు, దాని ముఖ్యమైన పని మాత్రం పూర్తయిపోయింది! ఆ వేసవిలో షోరూంలకు వచ్చిన తొలి విడత బళ్లలో ఎక్కువ వాటికి చేత్తో మార్చే గేర్లే ఉన్నాయి. ఆటోమేటిక్ తప్ప ముట్టుకోని దేశంలో ఇదేం ఆరంభం? అమ్మకాలు ఏ ఏడాదీ లక్ష దాటలేదు. 2016 జనవరిలో ఫియట్ క్రైస్లర్ అధిపతి సెర్జియో మార్కియోన్నె ఈ కారును ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అదే కర్మాగారం, అదే బ్రాండు, అదే యూరప్ రక్తం. ఒకటి పన్నెండేళ్లు, మరొకటి నాలుగేళ్లు.

జీఎంకే చెందిన మరో బ్రాండు శాటర్న్ అమ్మిన ఆస్ట్రా సంగతి ఇంకా దయనీయం. 2004లోనే యూరప్ వీధుల్లోకి వచ్చిన ఓపెల్ ఆస్ట్రాను నాలుగేళ్లు పాతబడ్డాక, 2008లో, బెల్జియంలోని ఆంట్వెర్ప్ నుంచి ఓడల్లో తెచ్చారు. ఆ వేసవిలో ఒక యూరో విలువ 1.60 డాలర్లకు దగ్గరగా ఉంది. యూరోల్లో ఖర్చుపెట్టి తయారుచేసిన చవక కారును డాలర్లలో అమ్మి లాభం తీయడం ఎవరి తరం? ఏడాది తిరిగేసరికి జీఎం దివాలా తీసింది, శాటర్న్ బ్రాండే మూతపడింది.

ఫోర్డ్ ఇంకో రకం తప్పు చేసింది. కొత్త ఫియెస్టా, ఫోకస్ మంచి కార్లేనని యూరప్‌లో నడిపినవారు చెబుతారు. అక్కడ అప్పట్లో చాలామంది గేర్లు చేత్తోనే మార్చుకునేవారు. అమెరికాలో ఆటోమేటిక్ లేనిదే అమ్ముడుపోదు కనుక రెండు పొడి క్లచ్‌లున్న గేర్‌బాక్సు బిగించారు. కాగితం మీద మైలేజీ బాగానే వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి, మెల్లగా బ్రేకు వదిలి, ముందుకు కదిలే ఆ రెండు క్షణాల్లో బండి వణికేది. వారంటీలు పొడిగించారు, కోర్టు కేసులు నడిచాయి, పరిహారాలు చెల్లించారు. 2018 ఏప్రిల్‌లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో మామూలు కార్లకే స్వస్తి చెప్పింది. నింద మాత్రం చిన్న కారు నెత్తిన పడింది.

అమెరికావారికి చిన్న బళ్లు గిట్టవని వాదించేవారున్నారు. దూరాలు ఎక్కువ, పెట్రోలు చవక, రోడ్లు విశాలం. రెండున్నర టన్నుల పికప్ పక్కన చిన్న కారులో పిల్లలను కూర్చోబెట్టాలంటే ఏ తల్లికైనా భయమే. కంపెనీకి కూడా పికప్ మీద మిగిలేది చిన్న కారు మీద మిగలదు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇవే రోడ్ల మీద, ఇవే పికప్‌ల మధ్య టొయోటా కరోలా, హోండా సివిక్ ఏళ్ల తరబడి ఒక్కొక్కటి ఏటా లక్షల్లో ఎలా అమ్ముడయ్యాయి? ఆ ప్రశ్నకు మాత్రం వీరి దగ్గర జవాబు లేదు.

టొయోటా కూడా పుట్టగానే పరుగెత్తలేదు. 1957లో టొయోపెట్ క్రౌన్‌ను అమెరికాకు తెస్తే హైవే వేగానికి తట్టుకోలేకపోయింది. పరువు పోయింది. బండిని వెనక్కి తీసుకున్నారు, తప్పులు దిద్దుకున్నారు, 1965లో కరోనా అనే కారుతో మళ్లీ వచ్చారు, ఆ తర్వాత కరోలాను దించారు, ఇక కదల్లేదు. డెట్రాయిట్‌కు లేని గుణం ఈ మొండితనమే. చిన్న కారు వ్యాపారంలో అసలు సరుకు కూడా ఇదే.

ఎందుకంటే కొత్త చవక కారుకు అసలైన పోటీ ఇంకో కొత్త చవక కారు కాదు, మూడేళ్ల పాత కరోలా. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఎమ్మెస్ చదవడానికి దిగిన తెలుగు కుర్రాణ్ణి అడిగి చూడండి. మొదటి కారుగా సీనియర్ దగ్గర పాత కరోలానో, సివిక్కో కొంటాడు. ఉద్యోగం వచ్చి ఊరు మారేటప్పుడు జూనియర్‌కు అమ్మేస్తాడు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ పెద్ద తేడా ఉండదు. ఆ కుర్రాడికి ఆల్ఫా రోమియో ప్లాట్‌ఫాం గొప్పదనంతో ఏం పని? రెండేళ్ల తర్వాత ఇది ఎంతకు పోతుంది, సైడ్ మిర్రర్ పగిలితే ఎక్కడ దొరుకుతుంది, అంతే. బ్రాండు మూతపడ్డ శాటర్న్‌ను, నాలుగేళ్లకే ఆపేసిన డార్ట్‌ను అతడు ఎందుకు ముట్టుకుంటాడు? కంపెనీ ఒక మోడల్‌ను అర్ధాంతరంగా వదిలేసిన ప్రతిసారీ, అప్పటికే కొన్నవాడి జేబులోంచి వేల డాలర్లు మాయమవుతాయి. అతడు ఆ సంగతి పదిమందికి చెబుతాడు. చిన్న కారు కొనేవాడికి ఆ వేల డాలర్లే పెద్ద ఆస్తి కదా. పికప్ కొనేవాడు నష్టాన్ని భరిస్తాడు, వీడు భరించలేడు.

మరి కంపెనీలు ఎందుకు వదిలేస్తున్నాయి? ఇక్కడే చట్టం దగ్గరికి రావాలి. నా దృష్టిలో కారు సైజును నిర్ణయించేది ఇంజనీరూ కాదు, కొనేవాడూ కాదు, పన్ను రాసే గుమాస్తా. యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం వేశాయన్న కోపంతో, 1964లో అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో సమసిపోయింది, సుంకం మాత్రం మిగిలింది. ఆ గోడ చాటున పోటీ బెడద తగ్గిన పికప్‌లు తయారుచేసుకుంటూ డెట్రాయిట్ ఒళ్లు పెంచుకుంది. 1975 నాటి మైలేజీ చట్టం కొంతకాలం వాత పెట్టింది. కంపెనీ అమ్మే కార్ల సగటు 1985కల్లా గ్యాలన్‌కు 27.5 మైళ్లు ఉండాలంది. పెద్ద బళ్లు అమ్ముకోవాలంటే చిన్నవి కూడా అమ్మక తప్పని స్థితి. ఓమ్నిని, షెవెట్‌ను బతికించిన వాటిలో ఆ చట్టమూ ఒకటి. ఆ వాతను 2011 మోడళ్ల నుంచి నీరుగార్చారు. నాలుగు చక్రాల మధ్య చోటు ఎంత ఎక్కువైతే మైలేజీ లక్ష్యం అంత తక్కువన్నారు. అంటే బండిని పెంచితే పరీక్ష సులువవుతుంది! 2025 జులైలో, లక్ష్యం తప్పితే కట్టాల్సిన జరిమానానూ సున్నా చేశారు. ఇక చిన్న కారు తయారుచేయాలని ఏ అకౌంటెంట్ సలహా ఇస్తాడు?

చట్టానికి ఎంత బలముందో మన శ్రీసత్యసాయి జిల్లాలోనే చూడవచ్చు. పెనుకొండ దగ్గర కియా తయారుచేసే సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు సరిగ్గా 5 మిల్లీమీటర్లు తక్కువ. కొరియా డిజైనర్లకు ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలుకు 1,200, డీజిలుకు 1,500 సీసీలోపు ఇంజను ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. దాటితే 40 శాతం. ఈ నియమంలో వంకలు లేకపోలేదు. బానెట్లు, డిక్కీలు కత్తిరించినట్టున్న వికారపు సెడాన్లను ఇదే మన మీదికి వదిలింది. అయినా ప్రపంచంలోని కంపెనీలన్నీ టేపు పట్టుకుని ఆ గీతకు లోబడ్డాయి. అమెరికా కూడా చక్రాల మధ్య చోటు లెక్క తీసేసి, బరువునుబట్టి పన్ను వేసి చూస్తే యూరప్ డిజైన్లను పిలవాల్సిన పని ఉండదు, అవే వస్తాయి.

2025 ఆగస్టులో యూరప్‌తో చేసిన ఉమ్మడి ప్రకటనలో కార్ల ప్రమాణాలను పరస్పరం గుర్తించే ఉద్దేశం ఉందని అమెరికా చెప్పింది. మంచిదే, పరీక్షల ఖర్చు కలిసివస్తుంది. కానీ అదే ఒప్పందంలో యూరప్ కార్లపై 15 శాతం సుంకం ఉంది. ఓడలో వచ్చిన చవక కారు రేవులోనే చవకదనం పోగొట్టుకుంటుంది. కాబట్టి అమెరికాలోనే తయారుచేయాలి, వేరే దారి లేదు. బెల్విడీర్ 2023 ఫిబ్రవరి నుంచి ఖాళీగా ఉంది. 60 కోట్ల డాలర్లతో 2027లో దాన్ని తెరుస్తామని, జీప్ చెరోకీ, జీప్ కంపాస్ అక్కడ తయారుచేస్తామని స్టెల్లాంటిస్ చెబుతోంది. ఆ జాబితాలో మూడో పేరుగా ఫియట్ పాండాలాంటి ఒక చిన్న డాడ్జ్‌ను చేర్చి, పదేళ్లపాటు ఆపబోమని, ఇరవై ఏళ్లపాటు విడిభాగాలకు పూచీ మాదని కాగితం మీద రాసివ్వమనండి. అంతదాకా టొపోలినో ఫొటోలకు చప్పట్లు అనవసరం.